తూము దగ్గర స్టాపు

ఆ పసుపురంగు డబ్బాకి ఆకాశం కనపడాలి. కొబ్బరాకు అడ్డొచ్చినా, మేడగోడ అడ్డొచ్చినా పైనెక్కడో తిరిగే ఉపగ్రహాలు దానికి అందవు. అందుకే ఆశాజ్యోతి ప్రతి స్టాపులోనూ బస్సు దిగి, నలుగురూ నిలబడే నీడ వదిలేసి ఎండలోకి నడిచి, డబ్బాని అరచేతిలో పెట్టుకుని హారతిపళ్ళెం పట్టుకున్నట్టు నిలబడేది. తెర మీద అంకెలు కుదురుకున్నాక మీట నొక్కేది. ఆ నొక్కుడుతో ఫలానా స్టాపు ఈ భూమ్మీద ఫలానా చోట ఉందని ఖరారైపోయినట్టే. ఈలోగా డ్రైవరు హారన్ మోగించేవాడు, కిటికీల్లోంచి జనం విసుక్కునేవారు.

"ఏం కొలుస్తున్నారండీ? రోడ్డు వెడల్పు చేస్తారా ఏంటి?" అని ఒక పెద్దాయన అడిగాడు.

"కాదండీ. బస్సు స్టాపులన్నీ మ్యాపులో పెడుతున్నాం."

"అంటే బస్సు టయానికి రాదు గానీ మ్యాపులోకి మాత్రం వస్తుందన్నమాట."

బస్సంతా నవ్వింది. ఆశాజ్యోతి కూడా నవ్వింది.

రాజమండ్రి టౌను బస్సులు చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరికి అందుతున్నాయో, ఎవరికి అందడం లేదో కంప్యూటర్లో చూసి, దారులూ స్టాపులూ సరిచెయ్యాలని ఆ ఏడు సర్కారు పని మొదలుపెట్టింది. కొలతలు హైదరాబాదు కంపెనీ ఒకటి తీసుకుంది. ఇక్కడ దానికి ఇంజనీరు సత్యప్రసాద్. ఆయన కింద ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఆశాజ్యోతిది. డిగ్రీ అయ్యి, కంప్యూటర్ కోర్సు అయ్యి, చాలాకాలం ఇంట్లో కూర్చున్నాక దొరికిన మొదటి ఉద్యోగం. మెడలో వేలాడే కార్డు మీద 'ఎ. జ్యోతి' అని ఉంటుంది. అలా రాయించుకున్నది తనే. పొద్దున్న బయల్దేరే ముందు అద్దం అంచున అతికించిన బొట్టుబిళ్ళ తీసి నుదుట పెట్టుకుంటుంది, సాయంత్రం మళ్ళీ అద్దానికి అతికిస్తుంది. చర్చికి తప్పకుండా వెళ్ళే వాళ్ళమ్మ అది చూసి కూడా చూడనట్టే ఊరుకునేది. దళితుల పేటలో పుట్టిన పిల్ల ఊరూరా తిరగాలంటే ఎవరి వాకిట్లో ఏ ప్రశ్న ఎదురవుతుందో ఆ తల్లికి తెలియదా?

సోమవారం పొద్దున్న కడియం వైపు వెళ్ళే మొదటి బస్సులో వేమగట్టు వచ్చింది. ఊరి మధ్యలో, జగన్నాథరావు గారి మేడ ముందు స్టాపు బోర్డు ఉంది. రోడ్డు పొడుగునా నున్నటి అరుగు, దాని మీదుగా దిగిన పెంకుల చూరు. ఎండకీ వానకీ అంతకన్నా మంచి చోటు ఆ దారిలో మరొకటి లేదు. ఆశాజ్యోతి దిగి మీట నొక్కింది. అక్కడ బస్సెక్కినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు.

బస్సు మలుపు తిరిగి పంటకాలవ తూము దాటుతుంటే, చేతుల్లో క్యారేజీలూ నెత్తిన మడతపెట్టిన తువ్వాళ్ళూ ఉన్న ఆడవాళ్ళు గుంపుగా చేతులెత్తారు. బస్సు వాళ్ళని దాటిపోయి, ఏదో గుర్తొచ్చినట్టు చాలా ముందుకెళ్ళి ఆగింది. అందరూ పరుగెత్తుకొచ్చారు. వాళ్ళు ఎక్కుతుండగా ఆశాజ్యోతి దిగి తూము దాకా వెనక్కి నడిచి అక్కడా ఒక మీట నొక్కింది. డ్రైవరు తిట్టుకున్నాడు.

ఆమె పక్కన కూర్చున్న పెద్దావిడ పేరు వీరమ్మ. ఆయాసం తీరాక తనే మాట కలిపింది. వాళ్ళంతా నర్సరీలో మొక్కలకి అంట్లు కట్టే పనికి వెళ్తారట. గేటు దగ్గర మేస్త్రీ వేళ దాటితే ఎవరినీ లోపలికి రానివ్వడట.

"పాత డ్రైవరైతే మమ్మల్ని ఎరిగినోడు. తూము కాడ ఠంచనుగా ఆపేవోడు. ఈయన కొత్త. బుద్ధిపుడితే ఆపుతాడు, లేపోతే లేదు. ఆపని రోజు పని పోయినట్టేనమ్మా."

"మరి బోర్డు దగ్గరే నిలబడచ్చు కదండీ? నీడ కూడా ఉంది."

వీరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "మాకు ఇక్కడే అలవాటమ్మా."

ముందు సీట్లో ఉన్న కోడలు లావణ్య చటుక్కున వెనక్కి తిరిగింది. "అలవాటేంటత్తా, ఉన్నమాట చెప్పు. కొత్తకోడలుగా వచ్చినప్పుడు మా అత్త అక్కడే నిలబడిందంటండీ. బస్సు కదిలేదాకా ఆగి, ఈవిడ నిలబడిన చోట పేడనీళ్ళు చల్లించేరంట."

"ఎప్పటి మాటో అది. ఇప్పుడెవరూ ఏమీ అనరు."

"మనం నిలబడం గాబట్టి అనరు."

ఆ కథ ఆశాజ్యోతికి కొత్త కాదు. ఊరి పేరొక్కటే కొత్త. "నేను చూస్తానండి. తూము దగ్గర కూడా బోర్డు పెట్టిస్తాను. ఇక ఏ డ్రైవరైనా ఆపాల్సిందే," అంది, తన చేతిలో అంత అధికారం ఉందో లేదో ఆలోచించకుండానే.

"నీ కడుపు చల్లగుండ," అంది వీరమ్మ. లావణ్య ముందుకి తిరిగి కూర్చుంది.

*

ఆఫీసంటే బట్టల కొట్టు మీద రెండో అంతస్తులో ఒక గది. డబ్బాని కంప్యూటర్‌కి తగిలించగానే ఆ రోజు నొక్కిన మీటలన్నీ ఉపగ్రహం తీసిన బొమ్మ మీద ఎర్రచుక్కలై పడ్డాయి. కొబ్బరితోటలు ముదురాకుపచ్చగా, చేలు లేతగా, కాలవలు వెండితీగల్లా ఉన్నాయి. అంత పైనుంచి చూస్తే ఊళ్ళన్నీ ఎంత సఖ్యంగా ఉన్నట్టు కనిపిస్తాయో!

"వేమగట్టులో రెండు చుక్కలేంటి? ఇంత దగ్గరగా?" అన్నాడు సత్యప్రసాద్.

"రెండోది తూము దగ్గరండి. ఎక్కేవాళ్ళంతా అక్కడే ఎక్కుతున్నారు."

"బోర్డు దగ్గరికి నడవలేరా?"

"నడిచే వస్తున్నారండి. బోర్డు దాటి నడిచి వస్తున్నారు."

సత్యప్రసాద్ చెడ్డవాడు కాదు. ఆమె చెప్పినంత విన్నాడు, చెప్పనిదేదో ఉందని గ్రహించి అడక్కుండా ఊరుకున్నాడు. "సరే, రెండోదీ ఉంచుదాం. కానీ ఊళ్ళో ఎవరైనా పెద్దమనిషితో ఒకమాట చెప్పి రా. బోర్డు పాతాక తగువు రాకూడదు. గురువారం నుంచి ఈ దారిలో ట్రయల్. డ్రైవర్లకి మ్యాపు ఇస్తున్నాం. చుక్క ఉన్నచోట ఆపి తీరాలి, లేనిచోట ఆపితే మెమో. కాబట్టి ఏదుండాలో ఏదక్కర్లేదో బుధవారానికి తేల్చెయ్."

ఊళ్ళో పెద్దమనిషి అనగానే ఆశాజ్యోతికి అరుగున్న మేడే తోచింది. వీరమ్మ కూడా పెద్దమనిషేనన్న సంగతి ఆమెకి తట్టలేదు. పాపం, ఎవరికి తట్టింది గనక?

*

"రండమ్మా, రండి. ఎండన పడి వచ్చేరు," అని మర్నాడు జగన్నాథరావు గారు లేచి అరుగు మీద కుర్చీ వేశారు. తెల్లటి లుంగీ, బనీను, నెమ్మదైన మాట. గుమ్మంలోకి తొంగిచూసి, "సంపూర్ణం, అమ్మాయికి కాఫీ," అని కేకేశారు.

"ఎవరమ్మాయి మీరు?"

"మా నాన్నగారు టీచరండి. రాజమండ్రిలోనే."

"శుభం. టీచర్ గారి పిల్లలకి చదువు రాక ఎక్కడికి పోతుంది!"

సంపూర్ణమ్మ స్టీలు గ్లాసులో పొగలుకక్కే కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆశాజ్యోతి కాఫీ తాగుతూ మ్యాపు సంగతీ, ట్రయల్ సంగతీ, తూము సంగతీ చెప్పింది. ఆయన ఎక్కడ అడ్డుపడతారోనని ముందుగానే జవాబులు కూడబెట్టుకుని వచ్చింది. కూలిజనం ఎండలో పరుగెత్తాల్సి వస్తోందనీ, ఆడవాళ్ళనీ, వయసైనవాళ్ళనీ చెప్పింది. వాటిలో ఒక్కదానితోనూ పనిపడలేదు.

"ఇది ఎప్పుడో చెయ్యాల్సిన పనమ్మా," అన్నారాయన, మొహం విప్పారుతుండగా. "ఇంతకాలం ఒక్కరికీ తోచలేదు చూడండి. వాళ్ళ స్టాపు వాళ్ళకుంటే వాళ్ళకీ హాయి, అందరికీ హాయి. నేనెవరినీ ఏమీ అననండి, అడగండి ఎవరినైనా. కానీ ఎవరి వీలు వాళ్ళకి ఉండాలి కదా?"

"అవునండి," అంది ఆశాజ్యోతి. అని, మాటల్లోనే లేచి, అరుగు చివర ఉన్న బకెట్లో చెంబు ముంచి, గ్లాసు కడిగి, అరుగు అంచున బోర్లించింది. తిరిగొచ్చి కూర్చుని, బోర్డు ఎత్తు ఎంత ఉంటుందో చెప్తోంది.

ఖాళీ గ్లాసు కోసం వచ్చిన సంపూర్ణమ్మ గుమ్మంలోనే ఆగింది. బోర్లించిన గ్లాసుని చూసింది, మొగుడి వంక చూసింది. గ్లాసు తీయకుండానే లోపలికి వెళ్ళిపోయింది.

జగన్నాథరావు గారు కాసేపు మీసం నిమురుకున్నారు. "మీ నాన్న ఏ బళ్ళో చేస్తాడన్నావు?"

ఆమె చెప్పింది.

"ఊఁ. మంచిది. బోర్డు పాతడానికి సిమెంటు నేనిస్తాలే, కంపెనీవాళ్ళతో చెప్పు. నీలాంటి పిల్లలకి ఎవరెక్కడ ఉంటే మర్యాదగా ఉంటుందో ఒకరు చెప్పక్కర్లేదు."

సిమెంటు కూడా ఇస్తానన్నారని సంతోషంగానే ఆమె బస్సెక్కింది. టికెట్టు తీసుకోబోతే వేళ్ళ మధ్య కాగితం అంటుకుపోయింది. చెయ్యింకా తడిగా ఉంది. ఎందుకు తడిగా ఉందో అప్పుడు గుర్తొచ్చింది. 'వచ్చేరు' అన్న మనిషి ఎక్కడ 'అన్నావు' అన్నాడో, మధ్యలో ఏం జరిగిందో అంతా కళ్ళముందు కట్టింది.

ఎవరింట్లో ఏం తాగినా గ్లాసు కడిగి బోర్లించాలని చిన్నప్పుడు అమ్మ నేర్పింది. అది మంచి అలవాటనే ఇన్నాళ్ళూ అనుకుంది. కాలేజీలో స్నేహితురాళ్ళు కాఫీ తాగి గ్లాసులు ఎక్కడివక్కడ వదిలేస్తే, ఎంత బద్ధకమో వీళ్ళకి అనుకునేది. కార్డు మీద పేరు కుదించింది, నుదుట బిళ్ళ పెట్టింది, ఇన్ని జాగ్రత్తలు పడింది. చెయ్యి మాత్రం దాని మానాన అది వెళ్ళి ఊరందరికీ చెప్పేసి వచ్చింది. సిగ్గుతో, కోపంతో ఆమెకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ కోపం ఆయన మీదో, అమ్మ మీదో, తన మీదో ఆమెకే తెలియలేదు.

*

బుధవారం కంప్యూటర్ ముందు కూర్చుంటే ఆ రెండు చుక్కలూ వేరుగా కనిపించాయి. ఒకటి ఊరి చుక్క, ఒకటి పేట చుక్క. జగన్నాథరావు గారి తాతలు నోటిమాటతో గీసిన గీతకి తను రంగులేసి, బోర్డు పాతి, సర్కారు ముద్ర వేయించబోతోంది. ఆయన సిమెంటు ఇస్తాననడంలో వింతేముంది? తన పని తనకంటే బాగా ఇంకొకరు చేసిపెడుతుంటే ఎవరివ్వరు!

తూము దగ్గరి చుక్క మీద బాణం గుర్తు పెట్టి తీసేసింది.

"ఏం, పెద్దాయన ఒప్పుకోలేదా?" అన్నాడు సత్యప్రసాద్.

"సరేనన్నారండి."

"మరి?"

"ఒకటి చాలండి. రోడ్డు అందరిదీ. అందరూ బోర్డు దగ్గరే ఎక్కుతారు."

"నేను మొదటే చెప్పానుగా," అని ఆయన మ్యాపు అచ్చుకి పంపేశాడు. ఆశాజ్యోతి ఇంటికి నడుస్తూ చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఒక అన్యాయం తన చేతిమీదుగా జరగబోయి తప్పిపోయిందన్న తృప్తి అది. ఇంత గొప్ప పని ఎవరికోసం చేసిందో వాళ్ళకి ఒకమాట చెప్పాలని మాత్రం అనుకోలేదు. చెప్పడమెందుకు, వాళ్ళకే తెలుస్తుంది అనుకుంది.

వాళ్ళకి తెలిసింది. గురువారం బస్సు తూము దాటుతుంటే ఆడవాళ్ళు చేతులెత్తారు. బస్సు వేగం తగ్గలేదు.

"ఆపండి, ఆపండి!" అని ఆశాజ్యోతి డ్రైవరు దగ్గరికి వెళ్ళింది.

"ఇక్కడ చుక్క లేదండి," అన్నాడతను, అద్దం పక్కన అంటించిన మ్యాపు చూపిస్తూ. "నిన్న ఇచ్చిందే కదా? ఆపితే మెమో అన్నారు."

వెనక అద్దంలోంచి చూసింది. లావణ్య చెప్పులు చేత్తో పట్టుకుని కొంతదూరం పరుగెత్తుకొచ్చి ఆగిపోయింది. మూత ఊడిన క్యారేజీలోంచి అన్నం రోడ్డు మీద పడింది. వీరమ్మ పరుగెత్తలేదు. ఎత్తిన చెయ్యి దించకుండా, బస్సు ఇప్పుడో ఇంకాసేపటికో ఆగుతుందని నమ్ముతున్నదానిలా నిలబడింది. మలుపులో ఆ చెయ్యి కనిపించడం మానేసింది. దిగిపోవాలనుకుంది ఆశాజ్యోతి. దిగలేదు. దిగి వాళ్ళ మొహాలు చూడటానికి ధైర్యం చాలలేదు.

ఆఫీసుకి రాగానే తూము చుక్క మళ్ళీ పెట్టమని సత్యప్రసాద్‌ని బతిమాలింది. "ఆటలా ఉందా నీకు? పెట్టమంటావు, తియ్యమంటావు, మళ్ళీ పెట్టమంటావు. మ్యాపు హైదరాబాదు వెళ్ళిపోయింది. ట్రయల్ అయ్యాక చూద్దాం," అన్నాడాయన. అందులో ఆయన తప్పేమీ లేదు.

*

శుక్రవారం తెల్లారేసరికి వాన పట్టుకుంది. బస్సు వేమగట్టులోకి వచ్చేసరికి, ఎప్పుడూ ఎవరూ ఎక్కని ఆ బోర్డు దగ్గర ఆడవాళ్ళంతా ఉన్నారు.

లావణ్య అరుగెక్కి చూరుకింద నిలబడింది. ఆమె వెనకే మిగతావాళ్ళు, కొందరు పూర్తిగా ఎక్కి, కొందరు ఒక కాలు అరుగు మీదా ఒక కాలు రోడ్డు మీదా పెట్టి. వీరమ్మ ఒక్కతే ఎరువుల సంచి నెత్తిన కప్పుకుని, బోర్డు కింద వానలో తడుస్తోంది. గుమ్మంలో జగన్నాథరావు గారు సెల్‌ఫోను చెవిదగ్గర పెట్టుకుని, మెల్లగా ఎవరితోనో మాట్లాడుతున్నారు. కేకల్లేవు, తిట్లూ లేవు. చుక్క ఉంది గనక బస్సు ఆగింది. అందరూ ఎక్కారు.

వీరమ్మ వచ్చి ఆశాజ్యోతి పక్కనే కూర్చుంది. సంచి నీళ్ళు విదిలించి మడతపెట్టింది. మడత సరిగా రాలేదని విప్పి మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత అడిగింది.

"బోర్డు పెట్టిస్తానన్నావు కదమ్మా. ఏమైంది?"

"నేనే తీయించేశానండి." అబద్ధం చెప్పాలని ఒక్క క్షణం అనిపించింది గానీ నోరు రాలేదు. "మీకు విడిగా స్టాపు పెడితే వాళ్ళన్నదే ఖాయం చేసినట్టవుతుందని. మాదీ పేటేనండి. మిమ్మల్ని అలా వేరుగా నిలబెట్టడం నాకిష్టం లేకపోయింది."

"నీకిష్టం లేకపోయిందా." వీరమ్మ గొంతు పెరగలేదు. "నిన్న మాకందరికీ పని పోయింది. నర్సరీ ఎవరిదనుకున్నావు? అరుగాయన బావమరిదిది. ఇందాక ఫోను ఎవరికి చేస్తున్నాడనుకున్నావు? పెట్టడానికి ఆయన్ని అడిగేవు. తియ్యడానికి నిన్ను నువ్వే అడిగేవు. ఎండకీ వానకీ నిలబడేది మేం కదమ్మా."

ఆశాజ్యోతి తల దించుకుంది. ఆ అరుగాయన అన్న మాటకే తనకి అంత మండింది కదా, ఎవరెక్కడ ఉండాలో తెలిసిన పిల్లనని. ఆ తెలివితోనే కదా తను చుక్క పెట్టిందీ, తీసిందీ!

"తీస్తే తీసిందిలే అత్తా," అంది లావణ్య. "నాకు ఇదే బాగుంది. ఆ చూరుకింద నిలబడితే ఏమైంది? ఆకాశం ఊడిపడిందా?"

"నీకు బాగానే ఉంటుంది. సాయంత్రం పొయ్యి వెలిగించేది నేను."

"ఇప్పుడు చెప్పండి," అంది ఆశాజ్యోతి. "ఎక్కడ పెట్టమంటారు? మీరు చెప్పిందే చెప్తాను ఆఫీసులో."

ఒక్కసారిగా అందరూ అందుకున్నారు. తూము దగ్గరే నయం, మనశ్శాంతి అంది ఒకామె. ఇవాళ అరుగెక్కి రేపు దిగిపోతే ఇంకా లోకువైపోతామని ఇంకొకామె. మీ మామ ఊరుకుంటాడా అని ఒకరు, మా మామ సంగతి నాకు వదిలెయ్యమని ఒకరు. కండక్టరు టికెట్లు మర్చిపోయి వింటున్నాడు. చివరి సీట్లో ఇంతదాకా మాట్లాడని ఒక ముసలామె, "ఆ రెండూ ఎందుకే? పేటలోకి సిమెంటు రోడ్డు ఉందిగా. బస్సునే పేటలోకి రమ్మనండి," అంది. దాంతో మళ్ళీ మొదలైంది. బస్సు తిరగడానికి చోటుందా, ఉంది, చర్చి ముందర ఉంది, అక్కడ కల్లం వేస్తారు కదా, పంటల రోజుల్లో కదా వేసేది! మ్యాపులో ఏ చుక్కా పడని ఆ మూడో చోటు ఆశాజ్యోతికి ఇంతవరకూ తోచనే లేదు.

ఒక మాట మీదికి రాకుండానే నర్సరీ గేటు వచ్చేసింది. క్యారేజీలు పట్టుకుని దిగుతున్నారు. వీరమ్మ చివర్న లేచింది.

"ఇంటికెళ్ళి అందరం కూర్చుని మాట్లాడుకుంటాం. రేపు చెప్తాం," అంది. రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, ఆమె ఒళ్ళో ఉన్న డబ్బా వైపు చూసింది. "ఈలోపు దేన్నీ నొక్కకు."

బస్సు కదిలింది. ఆశాజ్యోతి కిటికీ అద్దం మీది తడి తుడిచి చూసింది. మేస్త్రీ గేటు సగం మూసి, చెవికి ఫోను ఆనించుకుని, ఆగమన్నట్టు వాళ్ళకి అరచెయ్యి చూపిస్తున్నాడు. లావణ్య ఏదో అడుగుతోంది. వీరమ్మ కోడలి భుజం పట్టుకుని వెనక్కి లాగుతోంది.

"ఆపండి," అంది ఆశాజ్యోతి లేచి.

"స్టాపు దాటేశామండి. ఇక్కడ చుక్క లేదు."

"తెలుసండి. అయినా ఆపండి."

డ్రైవరు అద్దంలో ఆమె మొహం చూసి, సణుక్కుంటూ బ్రేకు వేశాడు. ఆమె డబ్బా సంచిలో పెట్టుకుని వానలోకి దిగి, గేటు వైపు వెనక్కి నడిచింది.